అర్ధరాత్రి సరుకు దించే మోత: ఆపించాలా, తగ్గించాలా?

పటమట_వాసి (విజయవాడ)

మా అపార్ట్‌మెంట్ వెనక ప్రహరీ గోడ దాటితే ఒక సూపర్‌మార్కెట్ వాళ్ళు సరుకు దించుకునే చోటు. పగలు పెద్ద బండ్లను సిటీలోకి రానివ్వరు కాబట్టి వాళ్ళ లారీ రాత్రి పదకొండు దాటాకే వస్తుంది. వచ్చిందని చూడక్కర్లేదు, పడుకున్నచోటే తెలిసిపోతుంది. ముందు రివర్స్ ట్యూన్. ఏదో పాత పాట, ఒకప్పుడు నాకు ఇష్టమే, ఇప్పుడు టీవీలో వస్తే ఛానల్ మార్చేస్తున్నాను. తర్వాత లారీ వెనక డోరు గొలుసులు ఊడదీసి అలాగే వదిలేస్తారు, డోరు వెళ్ళి బాడీకి కొట్టుకుంటుంది. ఆ పైన ఇనుప చక్రాల ట్రాలీ. మా సందులో పేవర్ టైల్స్ వేశారు, ఒక్కో టైల్ సందు దగ్గరా టకటకమంటూ షట్టర్ దాకా పోతుంది, ఖాళీగా తిరిగొస్తుంది. ఇలా గంట, గంటన్నర.

అమ్మకి బీపీ. ఒకసారి ఉలిక్కిపడి లేస్తే మళ్ళీ నిద్ర పట్టడానికి రెండు దాటుతుంది. అసోసియేషన్ గ్రూపులో రెండు పార్టీలయ్యాయి. రాత్రి అన్‌లోడింగే ఆపించేద్దాం అని ఒకరు, మనం కొనే బియ్యం, నూనె ఎప్పుడు రావాలి మరి అని ఇంకొకరు. ఎవరి ఊళ్ళోనైనా ఈ గొడవ ఒక కొలిక్కి వచ్చిందా? ఏం చేస్తే తగ్గిందో చెప్పండి. ఇల్లు మారమని మాత్రం చెప్పొద్దు.

బెజవాడ_బుల్లోడు (విజయవాడ)

112కి ఫోన్ కొట్టండి గురూ. మా వన్ టౌన్‌లో అదే చేసేవాళ్ళం. పోలీసు బండి సందులోకి రాగానే అందరూ పువ్వులు దించుతున్నట్టు మెల్లగా దించుతారు. బండి మలుపు తిరగ్గానే మళ్ళీ మామూలే.

లా_పాయింట్ (గుంటూరు)

సరదా పక్కన పెడితే, చట్టం ఏం చెబుతుందో ముందు తెలుసుకోండి. శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి అంటే పది నుంచి ఆరు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో 65, 55. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, అక్కడ 50, 40. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదని 2010 సవరణలో స్పష్టంగా రాశారు.

మీకు వచ్చే చిక్కు ఏమిటంటే ఆ షాపు ముఖం మెయిన్ రోడ్డు వైపు, వీపు మీ సందు వైపు. మాది కమర్షియల్ అని వాళ్ళంటారు, మాది రెసిడెన్షియల్ అని మీరంటారు. రెండూ కలిసిన చోటు ఏ కేటగిరీయో తేల్చాల్సింది అధికారులే. ముందు ఆ సంగతి లిఖితపూర్వకంగా అడగండి.

ఫిర్యాదుకు ఇంకో మెలిక ఉంది. పరిమితి కంటే 10 డెసిబెల్స్ లేదా ఆపైన ఎక్కువుంటే, లేదా రాత్రి వేళ ఆంక్షలను ఉల్లంఘిస్తే ఫిర్యాదు చేయొచ్చు. అంటే చప్పుడు మీద పోవాలంటే కొలత కావాలి. హారన్ మీద పోవడానికి కొలత అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ కింద అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి వెయ్యి, తర్వాత రెండు వేలు జరిమానా. రకరకాల స్వరాలు వరసగా మోగే హారన్ బండికి ఉండకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. రివర్స్ ట్యూన్ దాని కిందకి వస్తుందా అంటే వాదించవచ్చు, నేనైతే వాదిస్తాను.

ఏదీ కుదరకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 ఉంది, పాత సీఆర్‌పీసీలో 133. పబ్లిక్ న్యూసెన్స్ తొలగించమని ఆర్డీఓ దగ్గరికి వెళ్ళొచ్చు. అయితే అది పొరుగువాడితో యుద్ధమే, ఆఖరి మెట్టుగా ఉంచుకోండి.

డెసిబెల్_దాసు (హైదరాబాద్)

లా_పాయింట్ గారు చెప్పినవన్నీ నిజమే కానీ ఆ 45ని నమ్ముకుని బయల్దేరితే దారిలోనే దెబ్బతింటారు. ఆ అంకె రాత్రంతటి సగటు. ఒక్క సెకను పాటు 85 డెసిబెల్స్ మోత మోగిందనుకోండి, గుండె గుభేల్‌మంటుంది. దాన్ని ఎనిమిది గంటల మీద పరిస్తే లెక్కలో 40 దగ్గరికి దిగిపోతుంది. అలాంటి మోతలు ఇరవై పడినా సగటు 53 దాకానే. ఫిర్యాదుకు కావలసిన 55 అప్పటికీ రాదు! ఇల్లంతా లేచి కూర్చున్నా కాగితం మీద మాత్రం రాత్రి ప్రశాంతంగా గడిచినట్టే.

నిద్ర చెడేది సగటు వల్ల కాదు, ఉన్నట్టుండి లేచే మోత వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో అందుకే రెండు అంకెలు ఇచ్చింది. పడకగదిలో సగటు 30 దాటకూడదు, విడివిడిగా వచ్చే మోతలు 45 దాటకూడదు. కిటికీ కాస్త తెరిచి ఉంటే బయటి శబ్దం లోపలికి వచ్చేసరికి 15 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. మీ గోడ అవతల 85 పడితే మీ అమ్మగారి మంచం దగ్గర 70. ఇంకేం నిద్ర?

ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టుకుని అధికారుల దగ్గరికి వెళ్ళకండి, దానికి విలువ ఉండదు. కానీ ఏ చప్పుడు ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఒక రాత్రి కిటికీలో పెట్టి చూడండి. ఇంజన్, మాటలు, డోరు, ట్రాలీ, వీటిలో దేనికి ముల్లు పైకి లేస్తుందో రాసుకోండి. పది చప్పుళ్ళలో రెండు మూడే అసలు దొంగలని మీకే తెలుస్తుంది.

గోదాం_ఇన్‌ఛార్జ్ (ఊరు చెప్పను)

తిట్టుకోకపోతే మా వైపు సంగతి చెబుతాను. నేను పనిచేసేది ఇలాంటి షాపులోనే, పటమట_వాసి గారి వెనక ఉన్నదానిలో కాదులెండి.

రాత్రి లారీ ఒక్క మా షాపుకే రాదు. మూడు నాలుగు షాపులు తిరిగి, తెల్లారేలోగా సిటీ బయట ఉండాలి. డ్రైవర్ దిగుతూనే తొందర పెడతాడు. మాకు దించుకోవడానికి ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళే పొద్దున రాక్‌లు సర్దాలి. కాబట్టి ట్రేని చేత్తో పెట్టడం ఉండదు, నడుం ఎత్తు నుంచి వదలడమే. మీరు గమనించారో లేదో, సరుకున్న ట్రేకి అంత మోత రాదు. దించడం అయ్యాక ఖాళీ ట్రేలు లారీలోకి తిరిగి విసిరేటప్పుడు మోగుతాయి చూడండి, నిండుకుండ తొణకదన్నట్టు, అసలు గోల అదే. అది రాత్రి ఒంటిగంటకి జరిగే పని. ఆ పని రాత్రి చెయ్యాలన్న రూలేమీ లేదు! ఖాళీ ట్రేలను పొద్దున్నే చిన్న బండిలో పంపొచ్చు, లేదా లోపలే ఒకదానిలో ఒకటి పేర్చి ట్రాలీ మీద ఎక్కించొచ్చు. మా దగ్గర పేర్చడం మొదలుపెట్టాక పక్కింటాయన ఫోన్లు తగ్గాయి.

షట్టర్ సంగతి. ఏడాదికోసారి కూడా గైడ్‌లకు గ్రీజు పెట్టరు. అది పెడితే సగం కీచు పోతుంది. పైగా షట్టర్ మొత్తం ఎత్తి దించాల్సిన పని లేదు, లారీ వచ్చే ముందే ఎత్తి ఉంచితే చాలు.

లారీ_బాబాయ్ (గొల్లపూడి)

అందరూ డ్రైవర్‌నే అంటారు. నాకు రెండు బండ్లున్నాయి, ముప్ఫై ఏళ్ళు నేనే తోలాను. వినండి.

హారన్ ఎందుకు కొడతాడు? లోపల షట్టర్ తీసేవాడు నిద్రపోతాడు కాబట్టి. సందులో లారీ నిలబెట్టి దిగి తలుపు తట్టడానికి వెళితే వెనక నుంచి ఆటోవాడు హారన్ కొడతాడు. మరి ఎవర్ని అనాలి?

ఇంజన్ ఎందుకు ఆపడు? బ్యాటరీ మీద నమ్మకం లేక. ఆపాక స్టార్ట్ కాకపోతే అర్ధరాత్రి తోసేదెవరు? కొత్త బండ్లకు ఆ బాధ లేదు, అయినా అలవాటు పోదు. ఐస్‌క్రీం, పాల బండ్ల విషయం వేరు, చల్లదనం కోసం కంప్రెసర్ ఆడుతూనే ఉండాలి.

రివర్స్ హారన్ ఎందుకు? ఇదివరకు క్లీనర్ ఉండేవాడు. వెనక నిలబడి చేత్తో బాడీ మీద తట్టి చెప్పేవాడు, ఒక దెబ్బ ఆగు, రెండు దెబ్బలు రా. ఇప్పుడు క్లీనర్‌కి జీతం ఎవరిస్తున్నారు? సిటీ లోపల తిరిగే బండ్లన్నీ డ్రైవర్ ఒక్కడితోనే నడుస్తున్నాయి. వెనక పిల్లాడో కుక్కో ఉంటే కనపడదు. ఆ పీపీ లేకపోతే రేపు జరగరానిది జరిగితే మీరే మళ్ళీ డ్రైవర్‌ని కొడతారు. పాట అక్కర్లేదు, ఒప్పుకుంటా. పాట పెట్టేది సరదాకి.

ఇంకోటి. మా మహాత్మా గాంధీ హోల్‌సేల్ కాంప్లెక్స్‌లో రాత్రంతా దించినా ఎవరూ ఏమీ అనరు, అది దానికోసమే కట్టింది. వన్ టౌన్ ఇరుకు సందుల నుంచి హోల్‌సేల్ ఇటు వచ్చాక అక్కడ కొంత ఊపిరాడింది. ఇప్పుడేమో ఒక్కో కాలనీలో రెండేసి సూపర్‌మార్కెట్లు లేచాయి. హోల్‌సేల్ ఊరవతలకి పోయింది, లారీ మాత్రం మీ వీధిలోకి వచ్చింది.

బేగంబజార్_పిలగాడు (హైదరాబాద్)

బాబాయ్ చెప్పింది కరెక్ట్. మా బాపు హమాలీ, చిన్నప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో ఆయనతో తిరిగినోణ్ణి. ఒక ముచ్చట ఎవ్వరూ చెప్తలేరు. హమాలీకి కూలీ గంటకు కాదు, బస్తాకింత, క్వింటాకింత. లారీ ఎంత జల్దీ ఖాళీ అయితే ఇంకో లారీ అంత జల్దీ దొరుకుతుంది. యాభై కిలోల బస్తా వీపు మీంచి మెల్లగ దించాలంటే నడుం వంచి, మోకాళ్ళు వంచి, రెండు చేతుల్తో పెట్టాలి. విసిరితే ఒక సెకను. ఆయనకు మీ నిద్ర మీద కోపమేం లేదు, మెల్లగ దించితే కూలీ తగ్గుతుంది, నడుం పోతుంది, అంతే.

కాబట్టి "మెల్లగ దించు" అని బోర్డు పెట్టుడు సులువే. రాత్రి పనికి రేటు ఇంకో రూపాయి ఎక్కువ కట్టిస్తరా మరి? లేకపోతే ఇద్దరి బదులు ముగ్గుర్ని పెట్టండి. ఒకరు లారీ మీద, ఒకరు అందుకొని, ఒకరు లోపల పెడితే విసిరే పనే ఉండదు.

డెల్ఫ్ట్_తెలుగోడు (నెదర్లాండ్స్)

ఇక్కడి సంగతి చెప్పమని పాత దారంలో ఎవరో అడిగారు, ఇక్కడే రాస్తున్నాను. డచ్ వాళ్ళకూ ఇదే తలనొప్పి. 1998 ప్రాంతంలో షాపులకు సరుకు దించే చప్పుడుకి విడిగా పరిమితి పెట్టారు. సాయంత్రం 7 నుంచి 11 దాకా 65, రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా 60. దాసు గారు చెప్పిన సగటు కాదు, ఒక్కో మోత ఎంత గట్టిగా ఉందన్నదే లెక్క. షాపులు లబోదిబోమన్నాయి, ఎందుకంటే అప్పటి లారీలతో, ట్రాలీలతో అది సాధ్యం కాదు. అప్పుడు ప్రభుత్వమే డబ్బు పెట్టి పీక్ అనే ప్రోగ్రామ్ నడిపింది. లారీ డోరు, వెనక లిఫ్టు, చక్రాలు, శీతలీకరణ యూనిట్, లారీ లోపలి నేల, ఇలా ఒక్కోదాన్నీ 7.5 మీటర్ల దూరంలో కొలిచి, 60 దాటనివాటికి సర్టిఫికెట్ ఇస్తారు. ఫ్రాన్స్ వాళ్ళు ఇదే పద్ధతిని తెచ్చుకున్నారు.

లండన్ దారి వేరు. 18 టన్నులు దాటిన లారీలు రాత్రిళ్ళు, వారాంతాల్లో నివాస వీధుల్లోకి రావాలంటే పర్మిట్ కావాలి, చెప్పిన దారిలోనే పోవాలి. 1985 నుంచీ ఉంది ఇది. 2012 ఒలింపిక్స్‌కి పగలు రోడ్లు ఖాళీ ఉంచాల్సి వచ్చి, షాపులకు రాత్రే సరుకు వేయించారు. అప్పుడు డ్రైవర్లకు నేర్పిన పాఠాలు చూస్తే మనకి నవ్వొస్తుంది: క్యాబ్ తలుపు తీసే ముందు రేడియో ఆపు, గొలుసు వదలకు, దించు, ఎక్కి కూర్చుని అన్నీ సర్దుకున్నాకే ఇంజన్ స్టార్ట్ చెయ్. వీటికి పైసా ఖర్చు లేదు.

బార్సిలోనాలో ఒక సూపర్‌మార్కెట్ చైన్ చప్పుడు తగ్గించిన పెద్ద లారీలతో రాత్రి సరుకు తెప్పించి చూసింది. పగలు ఏడు చిన్న లారీలు చేసే పనిని రాత్రి రెండు పెద్ద లారీలు చేశాయి. పొద్దున ట్రాఫిక్‌లో ఏడు లారీలు లేకపోవడం ఊరికి ఎంత లాభమో ఆలోచించండి. అందుకే నాకు "రాత్రి నిషేధం" అనే మాట నచ్చదు.

సింగ్‌నగర్_శీను (విజయవాడ)

అన్నా, డచ్ వాడి లిఫ్టు లారీ ఖరీదుకి ఇక్కడ రెండు ట్రక్కులొస్తాయి. అక్కడివి ఇక్కడ పనికిరావు. మన దగ్గర లిఫ్టు అంటే హమాలీ వీపే.

లారీ_బాబాయ్ (గొల్లపూడి)

లిఫ్టు సంగతి వదిలెయ్ శీనూ. గ్యాస్ బండలు దించేవాళ్ళని చూశావా? పాత టైరు ఒకటి కింద వేసుకుని దాని మీద వదులుతారు. బండ దెబ్బతినకుండా, రోడ్డు పగలకుండా చేసుకున్న ఏర్పాటు అది, చప్పుడూ రాదు. అదే పని ఇక్కడ చెయ్యొచ్చు. క్రషర్ల దగ్గర పాత కన్వేయర్ బెల్టు ముక్కలు తుక్కు రేటుకి దొరుకుతాయి. లారీ నేల మీద ఒక ముక్క, షట్టర్ దగ్గర ఒక ముక్క. వెనక డోరు వాలి తగిలేచోట ట్యూబు రబ్బరు రెండు బోల్టులు పెట్టి బిగిస్తే ఆ ఢామ్మనే మోత పోతుంది. గొలుసుకి పాత నీళ్ళ పైపు తొడగండి, గలగల ఉండదు. ఆటోనగర్‌లో ఏ బాడీ బిల్డర్‌నడిగినా పూటలో చేసిస్తాడు.

డెసిబెల్_దాసు (హైదరాబాద్)

బాబాయ్ డచ్ వాళ్ళ ప్రోగ్రామ్ అంతా రెండు ముక్కల్లో చెప్పేశారు. ఇనుము ఇనుముకి తగలకుండా చూడటమే సగం పని. ట్రాలీకి ఇనుప చక్రాల బదులు మెత్తటి రబ్బరు చక్రాలు వేస్తే ఎంత తేడా వస్తుందో ఫోన్ యాప్‌లో కూడా కనపడుతుంది. గట్టి నైలాన్ చక్రాలు తీసుకోకండి, అవీ పేవర్ మీద ఇనుముకి తీసిపోవు.

రివర్స్ పీపీకి కూడా మందుంది. ఒకే స్వరంలో కీచుమనేది కాకుండా "ష్ ష్" అని గాలి వదిలినట్టు మోగే అలారాలు వచ్చాయి. వెనక నిలబడ్డవాడికి స్పష్టంగా వినిపిస్తుంది, ఏ వైపు నుంచి వస్తోందో కూడా తెలుస్తుంది, నాలుగిళ్ళ అవతలకి మాత్రం అంతగా పాకదు. భద్రతా ఉంటుంది, నిద్రా ఉంటుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (విశాఖ)

అందరూ రాత్రి రాత్రి అంటున్నారు. రాత్రి పనిచేసి పగలు పడుకునే మాలాంటివాళ్ళ గురించి ఏ రూలూ లేదు. పొద్దున తొమ్మిదింటికి నేను పడుకుంటాను. అప్పుడే కింద ఇనుప ఊచలు దించే లారీ వస్తుంది. పన్నెండు మీటర్ల ఊచ ఒక చివర కింద పెట్టి రెండో చివర వదిలేస్తారు. పగలే కదా అంటారు. మీ అన్‌లోడింగ్ అంతా పగటికి మార్చేస్తే ఆసుపత్రి వాళ్ళం, పోలీసులు, కాల్ సెంటర్ పిల్లలు ఎక్కడికి పోవాలి?

పైగా నిశ్శబ్ద మండలం అని బోర్డు పెట్టిన ఆసుపత్రి లోపలే చూడండి. ఆక్సిజన్ సిలిండర్లు నేల మీద దొర్లించుకుంటూ ర్యాంపు ఎక్కిస్తారు, ఐసీయూ గోడ పక్కన. సిలిండర్‌ని నిలువుగా గొలుసు కట్టి తీసుకెళ్ళే రెండు చక్రాల బండి ఉంటుంది, దాని టైరు పంక్చరై మూలన పడి ఉంటుంది. పేషెంట్ల తరఫున మేమే కొన్నిసార్లు పోయి గొడవపడతాం.

కొండాపూర్_కాలనీ (హైదరాబాద్)

మా బాధ ఇంకో రకం. పది నిమిషాల్లో సరుకు తెచ్చే కంపెనీల్లో ఒకటి మా పక్క బిల్డింగ్ కింద గోదాం పెట్టింది. పెద్ద లారీలు రావు, డీసీఎంలు, చిన్న ట్రాలీ ఆటోలు రోజంతా వస్తూనే ఉంటాయి. డెలివరీ పిల్లల బళ్ళలో సగం ఎలక్ట్రిక్కే, ఇంజన్ చప్పుడు అస్సలు లేదు. అయినా ఒంటిగంట దాకా నిద్ర లేదు. ఎందుకంటే ఆ పిల్లలు కూర్చోడానికి లోపల చోటు లేదు. బయట మా గేటు అరుగు మీద కూర్చుంటారు, ఫోన్లో వీడియోలు స్పీకర్ మీద, ఆర్డర్ రాగానే ఒకడు ఇంకోణ్ణి కేకేస్తాడు. వాళ్ళనేం అంటాం, పన్నెండు గంటలు రోడ్డు మీద తిరిగే పిల్లలు. మేము కంపెనీవాళ్ళని అడిగింది ఒక్కటే, షట్టర్ లోపల ఒక బెంచీ, ఫ్యాను, బాత్రూం. ఇంతవరకు "పైవాళ్ళకి పంపాం" అంటున్నారు.

చరిత్ర_పిచ్చి (రాజమండ్రి)

చిన్న పిడకల వేట. క్రీ.పూ. 45లో జూలియస్ సీజర్ రోమ్ నగరంలో పగటిపూట సరుకు బండ్లు తిరగకూడదని చట్టం చేశాడు. గుళ్ళ నిర్మాణానికి సామాను మోసే బండ్లలాంటి వాటికి మాత్రం మినహాయింపు. ఫలితం మనకి తెలిసిందే, బండ్లన్నీ రాత్రికి మారాయి. నూటయాభై ఏళ్ళ తర్వాత జువెనల్ అనే కవి, ఈ ఊళ్ళో నిద్రపోవాలంటే బోలెడు డబ్బుండాలని, ఇరుకు సందుల్లో బండ్ల రొద, బండివాళ్ళ తిట్లు పడుకోనివ్వవని ఏడ్చాడు. పటమట వాసి గారికి తోడు దొరికారు.

మోడరేటర్

డెలివరీ పిల్లల జీతాల చర్చ వేరే దారంలోకి మార్చాను. ఇక్కడ చప్పుడు వరకే. షాపుల పేర్లు రాయొద్దు, రెండు పోస్టుల్లో తీసేశాను.

లా_పాయింట్ (గుంటూరు)

బాబాయ్ అన్న షట్టర్ మాట అసలైన పాయింట్. సరుకు ఏ వేళకు రావాలో లారీవాడు నిర్ణయించడు, తీసుకునే షాపువాడు నిర్ణయిస్తాడు. న్యూయార్క్‌లో 2009, 2010ల్లో రాత్రి డెలివరీల మీద ప్రయోగం చేసినప్పుడు కూడా డబ్బు ప్రోత్సాహం ప్రధానంగా షాపులకే ఇచ్చారు, వాళ్ళు ఒప్పుకుంటే ట్రాన్స్‌పోర్టు వాళ్ళు దారికొస్తారని. కాబట్టి పటమట_వాసి గారూ, మీరు మాట్లాడాల్సింది డ్రైవర్‌తో కాదు, షాపు మేనేజర్‌తో. ఫిర్యాదు కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళండి, తీయకండి.

పటమట_వాసి (విజయవాడ)

అందరికీ థాంక్స్. మా సెక్రటరీ, నేను, కింద ఫ్లాట్ రిటైర్డ్ హెడ్మాస్టారు కలిసి వెళ్ళాం. మేనేజర్ మొదట "మాకు పర్మిషన్ ఉంది సార్" అని మొదలుపెట్టాడు. హెడ్మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి, రాత్రి మా ఇంటికొచ్చి పడుకో నాయనా, కాఫీ నేనిస్తాను అన్నారు. ఆ తర్వాత మాట మెత్తబడింది.

ఒప్పుకున్నవి: లారీ మెయిన్ రోడ్డు మీద ఉండగానే డ్రైవర్ ఫోన్ చేస్తాడు, షట్టర్ ముందే ఎత్తి ఉంచుతారు, హారన్ ఉండదు. ట్రాలీకి రబ్బరు చక్రాలు వేయించాడు, షట్టర్ దగ్గర బెల్టు ముక్క పరిచాడు, ఖర్చు ఆయన చిల్లర పద్దులోనే సరిపోయిందట. ఖాళీ ట్రేలు పేర్చి ఎక్కించాలని కుర్రాళ్ళకి చెప్పాడు. మూడో మనిషిని పెట్టడానికి మాత్రం హెడ్డాఫీసు ఒప్పుకోలేదు. పాట కూడా అలాగే ఉంది, బండి ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టర్‌ది, ఆయన ఫోన్ ఎత్తడు.

ఇప్పుడు ట్రాలీ వస్తోందో పోతోందో తెలియట్లేదు. డోరు మాత్రం మానలేదు, డ్రైవర్ మారినప్పుడల్లా మళ్ళీ ఢామ్మంటుంది. మా మూడో అంతస్తు ఆయన ఇంకా పట్టు వదల్లేదు, పది తర్వాత ఒక్క బండి కూడా రాకూడదని ఆర్డీఓకి అర్జీ పెడతానంటున్నాడు.

సింగ్‌నగర్_శీను (విజయవాడ)

పెట్టనివ్వండి. ఆ అర్జీ భయం లేకపోతే మేనేజర్ రెండు నెలల తర్వాత బెల్టు ముక్క కూడా పీకేస్తాడు. మంచి మాటతో పాటు అదీ ఉండాలి.

లారీ_బాబాయ్ (గొల్లపూడి)

కాంట్రాక్టర్ ఏ బండి పెట్టాడో నంబరు ప్రైవేటుగా పంపండి. ఈ లైనులో అందరం ఒకరికొకరం తెలిసినవాళ్ళమే. డోరుకి రబ్బరు నేను బిగించి ఇప్పిస్తాను, పాట వైరు కూడా అప్పుడే పీకించి మామూలు పీపీ పెట్టిస్తా.

పటమట_వాసి (విజయవాడ)

పంపాను బాబాయ్. మారే డ్రైవర్ల కోసం షట్టర్ పక్కన ఒక బోర్డు పెట్టడానికి మేనేజర్ సరేనన్నాడు. మాటలు ఇలా రాశాను, చూసి చెప్పండి:

"డ్రైవర్ అన్నకు: ఇక్కడ ఇళ్ళున్నాయి, పిల్లలు, పెద్దవాళ్ళు పడుకుని ఉంటారు. బండి ఆగగానే ఇంజన్ ఆపండి. హారన్ వద్దు, ఈ నంబరుకి ఫోన్ చేయండి. వెనక డోరు చేత్తో పట్టుకుని దించండి. తాగడానికి నీళ్ళు, ముఖం కడుక్కోడానికి చోటు లోపల ఉన్నాయి."

బేగంబజార్_పిలగాడు (హైదరాబాద్)

ఆఖరి లైను మంచిగుంది అన్నా, దాన్ని పైకి తెచ్చి మొదట రాయి. డ్రైవర్లలో సగం మంది బీహార్, యూపీ వాళ్ళే, కింద హిందీలో కూడా రాయించు.

డెల్ఫ్ట్_తెలుగోడు (నెదర్లాండ్స్)

రేడియో సంగతి రాయలేదు. తలుపు తీసే ముందే ఆపమనండి.